యువ ఫార్వర్డుల తారతమ్యము

హాకీలో ఇద్దరు యువ ఫార్వర్డులను పోల్చవలసి వచ్చినప్పుడు మనము సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: ఎవరెన్ని గోల్సు చేసిరి? ప్రశ్న సహజమైనదే. కాని గోలు చేసినవాని పేరు పత్రికలో పడును; అతనికి బంతి నందించినవాని పేరు పలుమారు మరుగున పడును.

1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు అమెరికాను 24-1 గోల్సుతో ఓడించెను. అందు ఇన్‌సైడ్ లెఫ్ట్ రూప్‌సింగు 10 గోల్సు, ఆయన అన్నగారగు సెంటర్ ఫార్వర్డ్ ధ్యాన్‌చంద్ 8 గోల్సు చేసిరి. అంతమాత్రమున తమ్ముడు అన్నను మించెనని ఎవ్వరును తీర్పు చెప్పరు. పక్కపక్కన ఆడు ఇద్దరిలో ఒకరి గోల్సు రెండవవాని ఆటపై ఆధారపడి యుండును.

ఆ కాలమున ముందు వరుసలో ఐదుగురు ఆడెడివారు: అంచుల యందు ఇద్దరు వింగర్లు, వారి ప్రక్కన ఇద్దరు ఇన్‌సైడ్లు, నడుమ సెంటర్ ఫార్వర్డ్. ఎవరి పని వారికి నిర్ణయమై యుండెడిది. 1976 మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలతో కృత్రిమ మైదానము వచ్చి ఆట వేగము పెరిగెను. 1990 దశకములో ఆఫ్‌సైడ్ నిబంధన తొలగిపోయెను. నేడు ముందు వరుసలో సాధారణముగా ముగ్గురే కనిపింతురు. వారును స్థానములు మార్చుకొనుచు, బంతి పోయిన వెంటనే ప్రత్యర్థిని అడ్డగింపవలెను.

కావున యువకుని భావి స్థానమును ఊహించుటకు మూడు విషయములు గమనింపవలెను. మొదటిది, అతడు బంతిని ఎచ్చట అందుకొనును? గోలు ముందరి అర్ధవలయము లోపల బంతిని తాకిననే గోలు చెల్లును. ఆ ఇరుకు చోట ఒక్క తాకిడితో పని ముగించువాడు గోలు వేటకాడు. అంచుల వెంబడి పరుగెత్తి బంతిని లోనికి పంపువాడు వింగరు. వెనుకకు వచ్చి బంతిని అందుకొని ముందునకు నడిపించువాడు మధ్యవరుసకును పనికివచ్చును. రెండవది, బంతి లేనప్పుడు అతడేమి చేయును? మూడవది, జట్టు వెనుకబడినప్పుడు అతని ఆట ఎట్లుండును?

2016లో లక్నోలో జరిగిన జూనియర్ ప్రపంచకప్ ఫైనలులో భారతదేశము బెల్జియమును 2-1తో గెలిచెను. గుర్జంత్‌సింగు, సిమ్రన్‌జీత్‌సింగు చెరియొక గోలు చేసిరి. లెక్కలో ఇరువురును సమానులే. దారులు మాత్రము వేరయ్యెను. గుర్జంత్ ఫార్వర్డుగనే టోక్యో, ప్యారిస్ ఒలింపిక్ క్రీడలు రెండింటను ఆడెను. మధ్యవరుసలోను ఆడగల సిమ్రన్‌జీత్ టోక్యోకు మొదట అదనపు ఆటగాడుగ ఎంపికయ్యెను. 2021 ఆగస్టు 5న కాంస్యపతకమునకై జర్మనీతో జరిగిన ఆటలో భారత జట్టు ఒక దశలో 1-3తో వెనుకబడి, తుదకు 5-4తో గెలిచెను. ఆ ఐదింటిలో రెండు సిమ్రన్‌జీత్‌వే. 41 సంవత్సరముల తరువాత దేశమునకు హాకీలో ఒలింపిక్ పతకము లభించెను.

గోల్సు తక్కువయని పదునారేండ్ల పిల్లవానిని జట్టునుండి తొలగించునపుడు, అతడు తగని స్థానమున ఆడుచున్నాడేమో యని ఎంపిక చేయువారు విచారింపవలెను. శ్రోతలును ఇకమీదట వ్యాఖ్యానము వినునపుడు, గోలు చేసినవాని పేరుతోపాటు బంతి అతనికి ఎవరినుండి వచ్చినదో చెవియొగ్గి వినవలెను. రాబోవు ఫార్వర్డు పేరు పలుమారు అచ్చటనే మొదట వినబడును.