మూడు తూటాల ముచ్చట

వంద గజాల అవతల అట్టకు అంటించిన కాగితం మీద మూడు రంధ్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయంటే, మొదటిసారి సొంతంగా తూటాలు చేసుకున్నవాడి కాలు నేల మీద నిలవదు. ఫోన్ తీసి ఫొటో కొడతాడు. పక్కన నాణెం పెట్టి ఇంకోటి కొడతాడు. పౌడర్ ఎంత పోశాడో నోట్‌బుక్‌లో రాసుకుని ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీస్తాడు. మరుసటి ఆదివారం అదే తుపాకి, అదే పౌడర్, అవే బుల్లెట్లు. రంధ్రాలు మాత్రం అంగుళమున్నర మేర చెదిరిపోతాయి. తప్పు చేతిదా, గాలిదా, తక్కెడదా అని బుర్ర బద్దలు కొట్టుకుంటాడు. చాలాసార్లు తప్పు వీటిలో దేనిదీ కాదు. ముందువారం ఆ మూడు రంధ్రాలను నమ్మడమే తప్పు.

అమెరికాలో ఈ వ్యాపకాన్ని రీలోడింగ్ అంటారు. పేలిన తూటాలో మిగిలే ఇత్తడి గొట్టాన్ని, అంటే బ్రాస్‌ను పారేయకుండా, కొత్త ప్రైమర్ (పౌడర్‌ను రాజేసే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ (ముందు ఉండే గుండు) పెట్టి మళ్లీ తూటా చేసుకోవడం. గ్యారేజీలో ఓ బల్ల, దానికి బిగించిన ప్రెస్, ఒక తక్కెడ, పౌడర్ మోతాదుల పుస్తకం ఉంటే మొదలుపెట్టొచ్చు. సొంతానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికైతే కావాలి. డబ్బు కలిసొస్తుందని దిగేవాళ్లే ఎక్కువ. అదేమీ కలిసిరాదు, మిగిలిన డబ్బుతో ఇంకో నాలుగు పెట్టెలు కాలుస్తారంతే. ఇందులో చివరిదాకా నిలబడేవాళ్లు గురి కోసం నిలబడతారు. కంపెనీ తూటా ఎవరి తుపాకిలోనైనా ఇమడాలి కాబట్టి కొలతల్లో వెసులుబాటు ఉంచుతారు. ఇంట్లో చేసుకునేది ఒక్క తుపాకి కోసమే.

దీని చుట్టూ పెరిగిన పరిశ్రమ పుట్టిందీ ఇలాంటి మనుషుల చేతుల్లోనే. యుద్ధకాలంలో బుల్లెట్లు దొరకని రోజుల్లో, 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ వాటిని ఇంట్లోనే ఒత్తుకునే అచ్చును, అంటే డైని తయారుచేశాడు. ఇవాళ్టి ఆర్‌సీబీఎస్ కంపెనీకి అది పునాది. యుద్ధం ముగిశాక ప్రభుత్వం వదిలించుకుంటున్న మిగులు పౌడర్‌ను కాన్సస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ టన్నుల లెక్కన కొని, పాత రైలుపెట్టెలో నిల్వచేసి, చవగ్గా అమ్మాడు. నెబ్రాస్కాలో జాయిస్ హోర్నడీ 1949లో బుల్లెట్ల కంపెనీ పెట్టాడు.

బల్ల దగ్గరికి వద్దాం. పేలిన బ్రాస్ తుపాకిలో తూటా కూర్చునే ఛాంబర్ ఆకారానికి ఉబ్బి బయటికొస్తుంది. దాన్ని డైలోకి నొక్కి మళ్లీ కుదించాలి. ముందుగా వేలికొసలతో పల్చగా కందెన (లూబ్) పూయాలి. మరిచిపోతే బ్రాస్ డైలోనే బిగుసుకుంటుంది, ప్రెస్ పిడిని బలంగా లాగితే అంచు ఊడొస్తుందే గానీ గొట్టం రాదు. మరీ ఎక్కువ పూస్తే బ్రాస్ మెడ వైపు సన్నబడే భుజం దగ్గర సొట్ట పడుతుంది. ఎంత కుదించాలన్నదే అసలు విద్య. బోల్ట్ యాక్షన్ తుపాకికి ఆ భుజం అంగుళంలో వెయ్యో వంతో, రెండు వంతులో వెనక్కి జరిగితే చాలు. కొత్తవాళ్లు డైని బిగుతుగా చివరిదాకా తిప్పేసి, అంతకు కొన్ని రెట్లు వెనక్కి నెడతారు. కాల్చినప్పుడల్లా బ్రాస్ సాగడం, మనం మళ్లీ కుదించడం, ఇలా నాలుగైదుసార్లయ్యేసరికి అడుగుకు కాస్త పైన లోపలి గోడ పల్చబడుతుంది. పేపర్ క్లిప్పు విప్పి, కొసను చిన్న కొక్కెంలా వంచి, లోపలి గోడ వెంబడి పైకి లాగిచూడాలి. ఎక్కడైనా గాడిలో పడ్డట్టు తట్టుకుంటే ఆ బ్రాస్‌ను పారేయాల్సిందే. బయట మెరుస్తూ వలయం కనపడేదాకా ఆగడం మొండితనం.

ఇక తూకం. పౌడర్‌ను గ్రెయిన్లలో తూస్తారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఒక్కోటి 65 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ. మామూలు తక్కెడ గ్రెయిన్‌లో పదో వంతు దాకా చూపిస్తుంది. ఫ్యాన్ గాలి తగిలితే ఎలక్ట్రానిక్ తక్కెడ అంకె జరిగిపోతుంది, అందుకే ఉక్కపోతలో ఫ్యాన్ ఆపుకుని మరీ తూస్తారు. పట్టకారుతో ఒక్కో పలుకూ వేసుకుంటూ పూటంతా గడిపే మహానుభావులూ ఉన్నారు. వంద గజాల కాగితం మీద ఆ కష్టం కనిపించదనే నా అభిప్రాయం.

పుస్తకంలో ప్రతి బుల్లెట్‌కూ, ప్రతి పౌడర్‌కూ కనిష్ఠ, గరిష్ఠ మోతాదులు ఉంటాయి. కిందినుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఇంతవరకు పేచీ లేదు. ఏ మోతాదు బాగుందో తేల్చడం దగ్గరే పేచీ. క్రైటన్ ఆడెట్ పేరుతో చెప్పుకునే నిచ్చెన పరీక్షలో మోతాదుకొకటి చొప్పున దూరపు లక్ష్యం మీద కాల్చి, ఒకే ఎత్తులో పడ్డవాటిని వెతుకుతారు. మరికొందరు మోతాదుకు మూడేసి కాల్చి, అన్నిటికంటే చిన్న గ్రూపును, అంటే రంధ్రాలు బాగా దగ్గరగా పడ్డదాన్ని గెలిపిస్తారు. పది మోతాదులూ సమానంగా కాల్చే తుపాకి అయినా సరే, పదింట్లో ఏదో ఒకటి చిన్నగా రాక మానదు. పదిమంది మూడేసిసార్లు నాణెం ఎగరేస్తే ఒకరికి మూడూ బొమ్మలే పడొచ్చు. అంతమాత్రాన ఆ మనిషికి బొమ్మ వేసే విద్య పట్టుబడిందని ఎవరూ అనరు.

లెక్క వేస్తే ఇంకా తేటగా ఉంటుంది. గుళ్లు అన్ని వైపులా సమంగా చెదురుతాయనుకుంటే, అదే తుపాకి, అదే తూటాతో పది కాల్చిన గ్రూపు మూడు కాల్చినదానికంటే సగటున దాదాపు 1.6 రెట్లు పెద్దది. మూడు తూటాలతో ముప్పావు అంగుళం కొట్టిన తుపాకి, పది తూటాలకు 1.2 అంగుళాలు కొడుతుందన్నమాట. వేగం సంగతీ అంతే. అయిదు తూటాల మీద ప్రామాణిక విచలనం సెకనుకు 10 అడుగులని వచ్చిందనుకోండి. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అసలు విలువ 6 నుంచి 29 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 2023లో వచ్చిన గార్మిన్ జీరో సీ1 లాంటి అరచేతి రాడార్లతో వేగం కొలవడం సులువైపోయింది. దాంతో తక్కువ తూటాలతో పెద్ద తీర్పులివ్వడం కూడా సులువైంది.

కారణం కోసం బుర్ర బద్దలు కొట్టుకునే ఈ జబ్బు కొత్తదేం కాదు. తుపాకి గుళ్లు చెదరడానికి కారణాలు వెతుకుతూ దశాబ్దాలు గడిపిన ఫ్రాంక్లిన్ మాన్ చదువుకున్నది వైద్యం. 1909లో ‘ది బుల్లెట్స్ ఫ్లైట్’ పుస్తకం రాశాడు. మనిషి చేతి వణుకు లెక్కలోకి రాకుండా తుపాకి గొట్టాన్ని కాంక్రీటు దిమ్మె మీది గాడిలో ఆనించి కాల్చేవాడు. ఆ దిమ్మెకు ‘షూటింగ్ జిబ్రాల్టర్’ అని పేరు పెట్టుకున్నాడు.

అలాగని నమ్మదగ్గ ఫలితం కోసం పది మోతాదులకూ ఇరవయ్యేసి కాల్చాలంటే తుపాకి గొట్టం, జేబు రెండూ అరిగిపోతాయి. కొత్తవాడికి నేను చెప్పేది వేరు. పేరున్న టార్గెట్ బుల్లెట్, మంచి బ్రాస్, పుస్తకంలో ఆ రెంటికీ కుదిరిన పౌడర్ తీసుకోండి. కిందినుంచి భద్రంగా ఎక్కుతూ ఏదో నడిమి మోతాదు దగ్గర ఆగి, ఇరవై తూటాలు ఒకే లక్ష్యం మీద కాల్చండి. నచ్చకపోతే బుల్లెట్ మార్చండి, లేదా పౌడర్ మార్చండి. పదో వంతు గ్రెయిన్లతో కుస్తీ పట్టకండి. వెయ్యి గజాల పోటీలకు వెళ్లే రోజున వేగంలో నిలకడ గురించి ఆలోచించొచ్చు. అక్కడ సెకనుకు పది అడుగుల తేడా గుండును మూడు నాలుగు అంగుళాలు పైకో కిందికో జరుపుతుంది.

భద్రత దగ్గర మాత్రం నా మాట కాదు, పుస్తకం మాటే. .308 వించెస్టర్ తూటాలో పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా వెళ్లొచ్చు, అది ముఖానికి జానెడు దూరంలో. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. బుల్లెట్ పెట్టేముందు ప్రతి బ్రాస్‌లోకీ లైటు వేసి చూడాలి. ఇంకొకరి మోతాదును గుడ్డిగా దింపుకోకూడదు. బోల్టు బిగుసుకోవడం, ప్రైమర్ చదునైపోవడం లాంటి గుర్తులు కనపడేసరికే ఆలస్యమైపోతుంది. ప్రైమర్లలో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కోకుండా తిండి ముట్టొద్దు.

డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మన పిల్లలు స్నేహితుల వెంట రేంజికి వెళ్లి మనసు పడేముందు ఒక్క విషయం తెలుసుకోవాలి. హెచ్-1బీ లాంటి వీసా మీదున్నవాళ్లు, హంటింగ్ లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులుంటే తప్ప, తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఆ అడ్డు లేదు. మనదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమే నేరం. జ్ఞాపకంగా ఉంటుందని ఒక తూటాను సూట్‌కేసులో పడేసుకుని శంషాబాద్‌లో దిగితే పోలీసులతో పనిపడుతుంది.

ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో రీలోడింగ్‌కు చోటే లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో పౌడరే ఉండదు. 50 మీటర్ల రైఫిల్‌కు వాడే .22 తూటాకు ప్రైమర్ మసాలా అడుగు అంచులోనే ఉంటుంది, పేలాక మళ్లీ నింపుకోవడం కుదిరే పని కాదు. అందుకని ఆ షూటర్లు తయారుచేయరు, ఎంచుకుంటారు. ఎలే, లాపువా కంపెనీల టెస్ట్ రేంజిల్లో తుపాకిని బిగించి, ఒక్కో లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నుంచి వరుసగా గ్రూపులు కాల్చి, కుదిరిన లాట్‌ను పెట్టెలకు పెట్టెలు కొనేసుకుంటారు. పౌడర్ డబ్బా మీదా లాట్ నంబరు ఉంటుంది, గ్యారేజీలో దాన్ని చూసేవాళ్లే తక్కువ. అది మారిందా, మోతాదు తగ్గించి మళ్లీ కిందినుంచి రావాల్సిందే.