చక్కెర జబ్బు - ఇల్లాలి కంచం



ఇంట్లో ఎవరికైనా చక్కెర జబ్బు ఉందని తేలగానే మనం కాఫీలో పంచదార మానేస్తాం, రాత్రిపూట అన్నం బదులు చపాతీలు మొదలుపెడతాం. పంచదార మానడం మంచిదే. బెల్లం, తేనె కూడా దాని కోవలోవే. కాని చపాతీ మాత్రం పిండిపదార్థం కాదా? నాలుగైదు చపాతీలు తిని, "అన్నం ముట్టలేదు" అనుకుంటే ఒరిగేదేమీ లేదు. రాగిసంగటీ అంతే. రాగుల్లో పీచు, కాల్షియం ఉన్న మాట నిజమే. అయినా ముద్ద పెద్దదైతే చక్కెర పెరగక మానదు.

మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ నెల్లూరు సీమలో పుట్టిన గూడూరు వాళ్ళం, అన్నం బొత్తిగా మానమంటే ఎన్నాళ్ళు మానగలం? మానక్కర్లేదు, కొలత తగ్గిస్తే చాలు. కంచంలో సగం బీర, సొర, గోరుచిక్కుడు, ఆకుకూరలు ఉండాలి. బంగాళాదుంప ఈ లెక్కలోకి రాదు. పావు వంతు పప్పో, గుడ్డో, చేపో ఉండాలి. మిగిలిన పావు వంతే అన్నం. ముందు కూర, పప్పు కాస్త తిని తర్వాత అన్నం కలుపుకుంటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. మన ఊరి నిమ్మకాయ మజ్జిగలో పిండుకోండి, బాగుంటుంది. అయితే అది మందు కాదు. దాన్ని నమ్ముకుని మాత్రలు మానకూడదు.

మరి ఈ జబ్బు ఇల్లాలికే వస్తే? పొద్దున్నే మాత్ర వేసుకుంటుంది. పిల్లలకు క్యారియర్లు కట్టి, ఆయనకు వడ్డించి, పూజ ముగించి, తను తినేసరికి పదకొండవుతుంది. కార్తీక సోమవారమైతే అదీ లేదు. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారు ఇలా ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు దాని గుర్తులు. నీరసంలే అని పడుకోకండి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకు తాగండి. పావుగంటకీ తగ్గకపోతే మళ్ళీ తాగండి. తగ్గాక ఏదైనా తినండి. స్పృహ తప్పినవారికి మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

ఉపవాసం ఉండదలిస్తే ముందు డాక్టరుగారిని అడగండి. అందరూ తిన్నాక తినడం మనకు అలవాటే. కాని మందు వేసుకున్న మనిషి వేళకు తినాలి. రేపటినుంచి మీ కంచం కూడా వాళ్ళతోపాటే పెట్టుకోండి.