పశువు నోట నురగ ఎందుకు వస్తుంది?

"గేదె నోట నురగ కారుతోంది, మేత ముట్టడం లేదు. గొంతులో ఏదో అడ్డుపడినట్లుంది. చేయి పెట్టి చూడవచ్చునా?" అని సభ్యులు అడుగుతుంటారు. చూడవద్దన్నదే మా సమాధానం. ఎందుకో వివరిస్తాము.

నురగ అంటే గాలితో కలిసిన లాలాజలమే. పెద్ద ఆవుకు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం ఊరుతుంది. మేత నానడానికి, నెమరు వేయడానికి, కడుపులో పులుపు విరగడానికి అది అవసరం. ఊరినదంతా పశువు మింగుతూనే ఉంటుంది గనుక మన కంటబడదు. మింగలేకపోయినా, మామూలు కంటే ఎక్కువ ఊరినా బయటికి కారుతుంది. అందులోని జిగురుకు ఊపిరి తగిలి నురగ కడుతుంది. కనుక నురగ దానంతట అది రోగం కాదు, రోగానికి గుర్తు మాత్రమే.

గాలికుంటు: జ్వరం 104 నుండి 106 డిగ్రీల వరకు ఉంటుంది. నాలుకపైన, చిగుళ్లపైన, గిట్టల నడుమ పొక్కులు లేస్తాయి. మింగబోతే నొప్పి గనుక చొంగ తీగలుగా సాగుతుంది. పశువు కుంటుతుంది, పాలు తగ్గిపోతాయి. ఆరు నెలలకొకసారి టీకా వేయించడమే దీనికి రక్షణ.

విషాలు: పురుగుమందు చల్లిన గడ్డి తిన్నా, పిడుదుల మందు మోతాదు మించినా లాలాజలం విపరీతంగా ఊరుతుంది. వణుకు, విరేచనాలు ఉంటాయి. పూతకు రాని లేత జొన్న, వానలు లేక గిడసబారిన జొన్న, మోళ్ల నుండి వచ్చిన పిలకలు తిన్న పశువుకు నాము తగులుతుంది. అది రొప్పుతూ కూలిపోతుంది. ఈ రెండింటికీ విరుగుడు మందులున్నాయి గాని, వైద్యుడు వెంటనే రావాలి.

పిచ్చికుక్క వ్యాధి: అన్నింటిలో ప్రమాదకరమైనది ఇదే. గొంతు కండరాలు పడిపోయి పశువు మింగలేదు. అరుపు బొంగురుపోతుంది. కొన్ని పశువులు మీదికి వస్తాయి, కొన్ని మందకొడిగా నిలబడిపోతాయి. కుక్క కరిచిన కొన్ని వారాలకు, ఒక్కొక్కప్పుడు నెలలకు గాని లక్షణాలు బయటపడవు. అప్పటికి ఇంటివారు కాటు సంగతే మరచిపోయి ఉంటారు. గొంతులో అడ్డు ఉందనుకొని చేయి పెడతారు, గొట్టంతో మందు పోస్తారు. చేతిమీద చిన్న గీత ఉన్నా చాలు, చొంగ ద్వారా వ్యాధి సోకవచ్చు. లక్షణాలు కనిపించాక మనిషికైనా, పశువుకైనా బ్రతుకు ఆశ లేదు. చొంగ తగిలినవారు సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడుక్కొని, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకాలు వేయించుకోవాలి.

మనుషులలో నురగ ఎక్కువగా మూర్ఛలో చూస్తాము. దవడలు బిగిసి, మింగలేని లాలాజలం పళ్ల సందున ఊపిరితో నురగ అవుతుంది. అటువంటివారి చేతిలో తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. నోట్లో చెంచా పెట్టడం హానికరం. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటినా మూర్ఛ తగ్గకపోతే ఆసుపత్రికి తరలించాలి.

సభ్యులకు మా సూచనలు: నురగ కారే పశువును వేరుగా కట్టండి. నోట చేయి పెట్టవద్దు, మందు పోయవద్దు. వెంటనే పశువైద్యునికి కబురు చేయండి. ఆయన చూసేవరకు ఆ పశువు పాలు తాగవద్దు, కేంద్రానికి పోయవద్దు. ఒక పూట పాలు పోతే మరునాడు మళ్లీ వస్తాయి. కార్యదర్శులు ఈ సూచనలను పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.