ఇంటర్వ్యూలో నన్ను ఓడించిన భవనం

ఐదేళ్ల కిందటి మాట. ఇంజినీరింగ్ అయిపోయి ఏడాది దాటింది. తార్నాకలో హాస్టల్ రూము, పొద్దున కోచింగ్, రాత్రి మాక్ టెస్టులు. ఓ కంపెనీ ఇంటర్వ్యూలో కోడింగ్ రౌండ్లన్నీ దాటేశా. చివర్లో ప్యానెల్‌లోని పెద్దాయన రెజ్యూమెలో నా అడ్రస్ చూసి, ‘‘ఉస్మానియా పక్కనే ఉంటున్నారుగా! ఆర్ట్స్ కాలేజీని నేనెప్పుడూ చూడలేదు. దాని గురించి రెండు నిమిషాలు చెప్పండి’’ అన్నారు.

నోరు పెగల్లేదు. ‘‘పెద్ద బిల్డింగ్ సర్... చాలా పాతది’’ అన్నా. అంతే!

ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క జవాబు వల్లే పోయిందని చెప్పను. కానీ రోజూ కళ్లెదుట ఉండే భవనం గురించే నాలుగు మాటలు చెప్పలేనివాణ్ని, నా ప్రాజెక్టు గురించి ఏం చెప్పగలను? ఆ ఆదివారం పుస్తకాలు పక్కన పెట్టి, ఓ నోట్‌బుక్ పట్టుకుని క్యాంపస్‌కు నడిచా. ఆక్స్‌ఫర్డ్‌లో పాత కాలేజీలను టికెట్ కొని మరీ చూస్తారు. మనకు ఆటో దిగితే చాలు, ఉస్మానియా ఎదురుగానే ఉంటుంది. మీరూ ఓ పూట కేటాయించండి.

కోడ్ కన్నా ముందు రిక్వైర్‌మెంట్స్

యూనివర్సిటీ ఏర్పడింది 1918లో. 1919లో తరగతులు మొదలైంది ఇక్కడ కాదు, గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని భవనాల్లో. సొంత క్యాంపస్ కట్టే ముందు నిజాం ప్రభుత్వం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని విదేశాల్లోని యూనివర్సిటీలు చూసి రమ్మని పంపింది. ఈజిప్టులో వాళ్లకు బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ తారసపడ్డారు. ఆర్ట్స్ కాలేజీ డిజైన్ ఆయనదే. 1934లో శంకుస్థాపన జరిగితే 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. ముందు తిరిగి చూడటం, తర్వాత గీయడం, ఆ తర్వాతే కట్టడం. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్స్ తీసుకున్నాకే కోడింగ్ అన్నమాట!

మెట్లెక్కి ఓ నిమిషం ఆగండి. స్తంభాలు చూస్తే అజంతా, ఎల్లోరా గుర్తొస్తాయి. తల పైకెత్తితే ఇస్లామిక్ శైలి తోరణం. రెండూ ఒకే గులాబీ గ్రానైట్‌లో ఎక్కడా అతుకేసినట్లు కనిపించకుండా కలిసిపోయాయి. ఫొటోలో ఇది తెలియదు, దగ్గరికెళ్లి చూడాల్సిందే.

ఈ మెట్లకు ఇంకో చరిత్రా ఉంది. 1969లోనూ, 2009 తర్వాతా తెలంగాణ ఉద్యమానికి ఇదే వేదిక. అంతకుముందు 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థుల్ని బహిష్కరిస్తే, చాలామందికి నాగ్‌పూర్ యూనివర్సిటీ సీట్లిచ్చింది. చదువు మధ్యలో ఆగిపోతే లోకం ఆగిపోయినట్టేనని నేను అనుకున్న రోజుల్లో ఈ సంగతి చదివా. కాస్త ఊపిరి తిరిగింది.

అప్పట్లోనే లోకలైజేషన్

మొదట్లో ఇక్కడ బోధన ఉర్దూలో సాగేది. భారతీయ భాషలో ఉన్నత చదువు చెప్పిన తొలి యూనివర్సిటీ ఇదే. పాఠ్యపుస్తకాల కోసం ప్రత్యేకంగా అనువాద విభాగం పెట్టి, సైన్స్ పదాలకు ఉర్దూలో మాటలు తయారు చేశారు. ఇవాళ యాప్‌లను స్థానిక భాషల్లోకి తెచ్చే కంపెనీలు చేస్తున్న పని లాంటిదే ఇది.

ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. అడోబీ సంస్థను నడిపించిన శంతను నారాయణ్ ఉస్మానియా ఇంజినీరే. లైబ్రరీ వైపు వెళ్తే చెట్ల కింద గ్రూప్స్ పుస్తకాలతో కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. ఎదురుచూస్తున్నది మనం ఒక్కళ్లమే కాదని అర్థమవడానికి అక్కడో పావుగంట కూర్చున్నా చాలు.

తార్నాక అంటే హాస్టళ్లేనా?

తార్నాక మెట్రో స్టేషన్ నుంచి హబ్సిగూడ వైపు ఒక్క స్టేషన్ దూరంలోనే సైన్స్ సంస్థల వరుస కనిపిస్తుంది. ఐఐసీటీ 1944లో హైదరాబాద్ సంస్థానం ప్రయోగశాలగా పుట్టింది. భూమి లోపలి సంగతులు చూసే ఎన్‌జీఆర్‌ఐ 1961 నాటిది. సీసీఎంబీ 1977లో మొదలైంది. మన దేశంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు బాట వేసిన లాల్జీ సింగ్ పనిచేసింది అక్కడే. యూనివర్సిటీ చెంతనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఇంగ్లిష్‌తోపాటు విదేశీ భాషలు నేర్పే ఇఫ్లూ కూడా క్యాంపస్‌ను ఆనుకునే ఉంది. జర్మనో, జపనీసో నేర్చుకుంటే రెజ్యూమెకు బలమే.

ప్రయోగశాలల్లోకి ఎప్పుడంటే అప్పుడు వెళ్లనివ్వరు. సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ సమయంలో ఓపెన్ డే ప్రకటనల కోసం సంస్థల వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి.

వెళ్లేముందు...

* తార్నాక మెట్రోలో దిగొచ్చు. ఎంఎంటీఎస్‌లో వస్తే ఆర్ట్స్ కాలేజీ పేరుతోనే స్టేషన్ ఉంది.
* ఐడీ కార్డు దగ్గరుంచుకోండి. పరీక్షలు, ఆందోళనలు జరిగే రోజుల్లో గేటు దగ్గర అడిగాకే లోపలికి వెళ్లండి.
* ఉదయం ఎండ ముదరకముందే వెళ్తే మంచిది. మంచినీళ్ల సీసా మర్చిపోవద్దు.
* చూసిన ప్రతిదానికీ మూడు ప్రశ్నలు రాసుకోండి. ఇదేంటి? ఎందుకిలా కట్టారు? చూడనివాళ్లకు ఎలా చెప్పాలి?
* రూముకొచ్చాక ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి వినండి. మొదటిసారి సిగ్గేస్తుంది. మూడోసారికి మాట కుదురుతుంది.

ఆ నడక నాకు ఉద్యోగం ఇవ్వలేదు. దానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. కానీ నేను బ్లాగులో రాసిన మొదటి పేజీ ఆ నోట్‌బుక్‌లోంచే వచ్చింది. తర్వాతి ఇంటర్వ్యూల్లో ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అనగానే టూల్స్ పేర్లు ఏకరువు పెట్టడం మానేశా. ఎవరి కోసం చేశాం, ఎందుకలా చేశాం అన్నదగ్గర మొదలుపెట్టా.

రేపు మిమ్మల్నీ ఎవరైనా మీ ఊరి గురించి అడగొచ్చు. ‘పెద్ద బిల్డింగ్ సర్’ అని మాత్రం అనకండి!