బెజ్జం కుదిరితేనే.. పంట!

మార్కాపురం, గిద్దలూరు వైపు మెట్టపల్లెల్లో పెద్దవాళ్లని గొర్రు గురించి అడిగి చూడండి. జడ్డిగం మాట రాకుండా ఉండదు. విత్తనాలు వేసే చెక్కగిన్నె అది. అడుగున బెజ్జాలు, ఒక్కో బెజ్జానికీ ఒక్కో వెదురుగొట్టం. పిడికిట్లోంచి గింజలు వదులుతుంటే గొట్టాల్లోంచి జారి సాళ్లలో పడతాయి. ఒక బెజ్జం పెద్దదై మరోటి చిన్నదైతే.. ఓ సాలు ఒత్తుగా, ఇంకో సాలు పలచగా! రైతు పంట ముందు వడ్రంగి చేతిలో ఉండేదన్నమాట.

చెక్కకు బెజ్జం వేయడంలో ఆ వడ్రంగికి పాత నేస్తం బరమా. కమాను తాడును దాని కదురుకు ఓ చుట్టు చుట్టి, పైనున్న పిడిని ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో కమానును ముందుకూ వెనక్కూ లాగుతారు. కవ్వంతో మజ్జిగ చిలికినట్టే! ఈజిప్టులో దాదాపు 3,400 ఏళ్లనాటి రెఖ్‌మిరే సమాధి గోడల మీదా వడ్రంగులు ఇలాగే పనిచేస్తూ కనిపిస్తారు.

చిక్కల్లా ఒక్కటే. కదురు ఓసారి ఇటు, ఓసారి అటు తిరుగుతుంది. అందుకే మొనను బల్లెంలా చదును చేసి రెండంచులకూ పదును పెట్టారు. ఎటు తిరిగినా అది చెక్కను గీకుతుందే తప్ప కోయదు. పొట్టు బెజ్జంలోనే ఇరుక్కుంటుంది. మాటిమాటికీ పైకి తీసి దులపాలి. తుమ్మలాంటి గట్టి కర్రయితే ఇక చెమటలే!

ఐరోపాలో 15వ శతాబ్దానికల్లా మధ్యలో వంపు తిరిగిన పిడి వచ్చింది. దాన్ని ఆపకుండా ఒకేవైపు తిప్పొచ్చు. చేతి కదలిక మారడంతో మొన రూపమూ మారింది. 1809లో అమెరికాలో ఎజ్రా లొమెడ్యూ జంట మెలికల బిట్‌కు పేటెంట్ పొందాడు. 1855లో రసెల్ జెన్నింగ్స్ దానికి మెరుగులు దిద్దాడు. ఈ రకం బిట్ల పనితనం చూడండి. చివరనున్న చిన్న మర చెక్కలోకి తనే లాక్కుపోతుంది. పక్కనున్న కొనలు ముందు గుండ్రంగా గాటు పెడతాయి. వెనకే వచ్చే అంచులు లోపలి చెక్కను కోస్తాయి. మెలికలు పొట్టును పైకి తోసేస్తాయి. బెజ్జం నున్నగా వస్తుంది.

ఇప్పుడు పొలాల్లోకి ట్రాక్టరు గొర్రు, వడ్రంగి చేతికి కరెంటు డ్రిల్లు వచ్చేశాయి. మీ ఇంటి అటకమీద పాత జడ్డిగం ఉంటే మాత్రం పొయ్యిలో పెట్టేయకండి. దాని బెజ్జాల్లో ఓసారి వేలుపెట్టి చూడండి. అన్నీ ఒకేలా తగిలాయా? ఊరి వడ్రంగి మీ తాతకిచ్చిన భరోసా అదే!