అడవి పైన, బొగ్గు క్రింద

గోదావరీ లోయలో ప్రకృతి రెండు ధనములను ఒకదానిపై నొకటి పేర్చినది. పైన టేకు, మద్ది, ఇప్ప చెట్ల అడవి, క్రింద నేలబొగ్గు. 1871 లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున ఈ బొగ్గును గుర్తించెను. సొరంగపు గనిలో పని సాగినచో పైని అడవి చాలవరకు నిలువవచ్చును. ఓపెన్‌కాస్టు గనిలోనో మొదట చెట్లు, పిదప మట్టి, పిదప రాయి తొలగవలెను. వివాదము పుట్టునది ఇచ్చటనే.

అడవి ఎందుకను ప్రశ్నకు ప్రభుత్వముల సమాధానము కాలముతో మారినది. సాగుకు భూమి అవసరమైనచో అడవి దారి యియ్యవలెనని 1894 నాటి విధానము చెప్పెను. దేశమున మూడవ వంతు అడవి ఉండవలెనని 1952 నాటి విధానము కోరెను. ప్రకృతి సమతౌల్యమే ప్రధానము, రాబడి తరువాతి మాట యని 1988 నాటి విధానము తేల్చెను. కేంద్రము ముందుగా అనుమతింపనిదే అటవీభూమిని ఇతర పనులకు మార్చరాదని 1980 నాటి శాసనము. అనుమతి లభించిన పిమ్మట బదులుగా వేరొకచోట మొక్కలు నాటవలెను.

అది చాలునందురు బొగ్గు కోరువారు. దేశపు విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గు నుండియే వచ్చుచున్నది. వారి మాట త్రోసివేయదగినది కాదు. కాని నాటిన తోట అడవికి సాటిరాదని రెండవ పక్షము వాదించును. బొగ్గులోని 12 పాళ్ల కర్బనము కాలినచో 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువగును. దానిని పీల్చి కొయ్యగా దాచునది చెట్టు. చెట్టును నరికి బొగ్గును కాల్చుట రెండింతల నష్టమని వారి లెక్క.

మూడవ పక్షము అడవిలోనే కాపురమున్నది. ఇప్పపువ్వు, తునికాకు, తేనె గిరిజనునకు జీవనాధారములు. 1882 నాటి మద్రాసు అటవీ శాసనము తెచ్చిన నిర్బంధములు, 1922–24 నాటి మన్యపు తిరుగుబాటునకు గల కారణములలో ఒకటి. 2006 నాటి చట్టము గిరిజనుల హక్కులను గుర్తించి, అడవిని కాపాడుకొను అధికారమును గ్రామసభకు ఒసగెను.

కావున ప్రతి గని విషయమునను మనము మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ బొగ్గు అడవి లేనిచోట దొరకదా? గ్రామసభ నిజముగా సమ్మతించినదా? నాటిన మొక్కలు పదేండ్ల తరువాత బ్రతికి యుండునా? మన యింటి రేడియోను పలికించు విద్యుత్తులో ఆ అడవి పాలును కొంత ఉండవచ్చును. ఈ ప్రశ్నలు మనకు పరాయివి కావు.