మెడ సన్నమైతే చాలా?

పిల్లలూ! వీణను చూసి ఉంటారు. పాలమూరు వైపు వాయించే పన్నెండు మెట్ల కిన్నెర గురించి విని ఉంటారు. గిటారు సంగతి సరేసరి. ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. మూడింటికీ పొడవైన మెడ ఉంటుంది, మెడ మీద మెట్లుంటాయి. ఏ మెట్టు దగ్గర తీగను నొక్కితే అక్కడి స్వరం పలుకుతుంది. మరి చేతికి సరిపోయే మెడ ఎట్లా ఉండాలి?

నిరుడు మా నారాయణఖేడులో పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఈ ప్రశ్నతోనే నా దగ్గరికి వచ్చింది. ఆదివారాలు చర్చిలో పాటలకు బేస్ గిటారు వాయిస్తుంది. వాద్యం చర్చిది, బాగా పాతది. అరగంట వాయించేసరికి ఎడమ మణికట్టు లాగేస్తోందట. కందులు అమ్మిన డబ్బులో వాళ్ళ నాన్న 12,000 రూపాయలు పక్కన పెట్టాడు. "సార్, సన్న మెడ గిటారు కొంటే నొప్పి పోతదా?" అని అడిగింది. కొనాలంటే హైదరాబాదు పోవాలి. తప్పుడు సరుకు తెచ్చుకుంటే మళ్ళీ కొనే శక్తి ఆ ఇంటికి లేదు.

"పోతుంది బిడ్డా, కొనుక్కో" అనబోయాను. సైన్సు మాస్టారునై ఉండి కొలవకుండా చెప్పడమేమిటని ఆగిపోయాను. మర్నాడు గిటారును బడికి తెమ్మన్నాను. ప్రయోగశాల బీరువాలోంచి వెర్నియర్ కాలిపర్స్ తీశాను.

అంత పొడవు మెడ ఎందుకు?

బేస్ గిటారు పని మంద్ర స్వరాలు పలకడం. మామూలు గిటారులో అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్ గిటారు లావు తీగ అందులో సగం, అంటే సుమారు 41 సార్లే కంపిస్తుంది. తీగ కంపనాలు మూడు విషయాలపై ఆధారపడతాయని మీరు పాఠంలో చదువుకుంటారు. అవి తీగ పొడవు, బరువు, బిగింపు. పౌనఃపున్యం సగం కావాలంటే పొడవును రెట్టింపు చేయాలి, లేదా మీటరు తీగ బరువును నాలుగు రెట్లు చేయాలి, లేదా బిగింపును నాలుగో వంతుకు తగ్గించాలి.

బిగింపు మరీ తగ్గితే తీగ వేలాడుతుంది. పొడవు రెట్టింపైతే చెయ్యి అందదు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తన ప్రెసిషన్ బేస్ గిటారును తెచ్చినప్పుడు మధ్యే మార్గం పట్టాడు. తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు పెట్టాడు. మామూలు గిటారులో ఇది దాదాపు 650 మి.మీ. మిగిలిన లోటును బరువైన తీగ పూడుస్తుంది. అందుకే బేస్ తీగ మీద మరో తీగను చుట్టి ఉంటుంది. నాలుగు తీగలూ కలిసి మెడను సుమారు 75 కిలోల బరువంత బలంతో లాగుతాయి. మూడు పాతిక కిలోల బియ్యం బస్తాలన్నమాట!

'సన్నం' అనే మాటలో మూడు కొలతలు

మెడ సన్నగా ఉందని అంటాం కదా, ఏ కొలత సన్నం?

ఒకటి, మందం. బొటనవేలు ఆనే వెనక వైపు నుంచి మెట్లున్న ముందు వైపుకు గల కొలత ఇది. మా అమ్మాయి గిటారుకు 22 మి.మీ. వచ్చింది.

రెండు, వెడల్పు. తీగలు మొదలయ్యే నట్ అనే చిన్న పట్టీ దగ్గర కొలవాలి. మాకు 43 మి.మీ. వచ్చింది. ఫెండర్ మొదటి బేసులో ఇది సుమారు 44 మి.మీ. 1960లో వచ్చిన జాజ్ బేసులో 38 మి.మీ.కు తగ్గించారు.

మూడు, పొడవు. నట్ నుంచి తీగ ఆగే బ్రిడ్జి దాకా కొలవాలి. నట్ నుంచి పన్నెండో మెట్టు దాకా కొలిచి రెట్టింపు చేసినా సరిపోతుంది. మాకు 864 వచ్చింది.

మెట్ల ఎడం ఈ మూడో కొలతను బట్టే ఉంటుంది. 864 మి.మీ. గిటారులో మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకు 130 మి.మీ. దూరం. 762 మి.మీ., అంటే 30 అంగుళాల గిటారులో అదే దూరం 114 మి.మీ. మెడ ఎంత పలచగా చెక్కినా ఈ దూరం వెంట్రుకవాసి కూడా తగ్గదు.

దోషి ఎవరు?

ఇప్పుడు చిన్న పరీక్ష పెట్టాం. ముందు 1 నుంచి 4 మెట్ల మధ్య నాలుగు వేళ్ళూ పెట్టి అయిదు నిమిషాలు వాయించమన్నాను. మణికట్టు లాగింది. కాస్త విశ్రాంతి ఇచ్చి, అదే పాటను 5 నుంచి 8 మెట్ల మధ్య వాయించమన్నాను. అక్కడ దూరం 103 మి.మీ. మాత్రమే. "ఇక్కడ ఏం లేదు సార్!" అంది.

గమనించారా? పైకి పోయినకొద్దీ మెడ సన్నబడదు, ఇంకాస్త వెడల్పవుతుంది. అయినా నొప్పి రాలేదు. కాబట్టి మా అమ్మాయి విషయంలో దోషి లావు కాదు, దూరం. సన్న మెడ కొనుక్కోమని చెప్పి ఉంటే నేనే ఆ 12,000 రూపాయలు వృథా చేయించేవాణ్ణి. రెండు చోట్లా బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే మాత్రం మందాన్ని అనుమానించాలి.

సన్నదనానికి చెల్లించే మూల్యం

మీ దగ్గరున్న చెక్క స్కేలును బల్లకు సగం ఆనించి, రెండో కొనను వేలితో నొక్కండి. సులువుగా వంగుతుంది. దాన్నే అంచు మీద నిలబెట్టి నొక్కండి. కదలదు. వెడల్పు 30 మి.మీ., మందం 3 మి.మీ. అయితే రెండో పద్ధతిలో అది 100 రెట్లు గట్టిది! కర్ర వంగకుండా నిలిచే శక్తి దాని మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది.

ఇప్పుడు మెడ లెక్క చూడండి. 22 ఘనం 10,648. 20 ఘనం 8,000. మందం రెండు మిల్లీమీటర్లు తగ్గితే గట్టిదనంలో దాదాపు నాలుగో వంతు పోయింది. మూడు బస్తాల లాగుడు మాత్రం తగ్గలేదు. అందుకే మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ పెడతారు. దాన్ని తిప్పి వంపును సరిచేయవచ్చు.

పొట్టి మెడకూ మూల్యం ఉంది. అదే తీగతో అదే స్వరం పలికించాలంటే 762 మి.మీ. గిటారులో బిగింపు 22 శాతం తగ్గుతుంది. తీగ కాస్త వదులవుతుంది. లావు తీగ వేస్తే ఆ లోటు కొంత తీరుతుంది. పొట్టి మెడ అంటే పిల్లల బొమ్మ అనుకోకండి. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ వాయించిన హాఫ్నర్ బేసు పొట్టి మెడదే.

కొట్లో ఏం చూడాలి?

రంగు చూసి మురిసిపోకండి. లావు తీగను మొదటి మెట్టు దగ్గర ఒక చేత్తో, చివరి మెట్టు దగ్గర మరో చేత్తో నొక్కి పట్టండి. బిగిసిన తీగే మీకు స్కేలు. ఏడెనిమిది మెట్ల దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు మందమంత సందు ఉంటే మంచిది. సందు బాగా ఎక్కువైతే మెడ వంగినట్టు. ట్రస్ రాడ్ తిరుగుతుందో లేదో కొట్టువాడినే తిప్పి చూపమనండి. తరవాత పన్నెండో మెట్టు మీద తీగను తాకీ తాకనట్టు వేలుంచి మీటండి, ఆపైన అక్కడే నొక్కి మీటండి. రెండు స్వరాలూ ఒకటిగా పలకాలి. ప్రతి మెట్టు దగ్గరా నొక్కి, ఎక్కడైనా జరజరమంటుందేమో వినండి.

అన్నిటికంటే ముందు, ఉన్న గిటారు తీగలు మెట్లకు మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూడండి. ఎత్తు తగ్గిస్తే తక్కువ బలంతో నొక్కవచ్చు. ఒక్కోసారి కొత్తది కొనే అవసరమే ఉండదు.

మా అమ్మాయి తండ్రితో హైదరాబాదు వెళ్ళింది. జేబులో స్కేలు పెట్టుకుంది. కొట్లో మెరిసే ఎర్ర గిటారు ఉందట. మెడ 20 మి.మీ. మందం, పొడవు మళ్ళీ 864. మనసు లాగినా వదిలేసింది. 762 మి.మీ. పొడవున్న పాత గిటారును 9,000 రూపాయలకు తెచ్చుకుంది. దాని మెడ మందం 22 మి.మీ., చర్చి గిటారుతో సమానం! మిగిలిన డబ్బులో లావు తీగలు వేయించుకుంది. ఇప్పుడు ఆరాధన ముగిసేదాకా వాయిస్తోంది. "అడుగు స్వరం పాతదంత నిండుగా లేదు సార్" అని నిజం కూడా చెప్పింది. ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు మరి!

గిటారు కాకపోతే సైకిలు కావచ్చు, కుట్టు మిషను కావచ్చు. ఇంట్లోవాళ్ళు కష్టపడి కూడబెట్టిన డబ్బుతో ఏదైనా కొనేముందు "ఏ కొలత నన్ను ఇబ్బంది పెడుతోంది?" అని ఒక్కసారి అడగండి. జవాబు స్కేలుతో చెప్పించండి.